పసుపు మూత

"జిప్పు మాత్రం తియ్యకు, అన్నీ కింద పడతాయి" అని ఎందుకన్నాడు? నేనేమీ అడగలేదే. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి దగ్గర ఏదో ఒకటి ఉండే ఉంటుంది. తూకం గదిలోకి బిడ్డతో ఒక్కరే రావాలి, సంచులు బయటే, అని కిటికీ దగ్గర నర్సు అనగానే మా ఆయన కాళ్ళు ఒక్క క్షణం నేలకు అతుక్కుపోయాయి. తర్వాత పిల్లవాణ్ణి ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుని, సంచీ నా ఒళ్ళో పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి మరీ ఆ మాట అన్నాడు. తలుపు మూసుకుంది. ఇప్పుడు సంచీ నా ఒళ్ళో ఉంది. నీలం రంగుది, పక్కన సీసా పెట్టుకునే వల, ముందు చిన్న అర. ఎడమ తొడ మీద ఒకచోట చల్లగా తగులుతోంది. డైపర్లు చల్లగా ఉండవు. తడిగుడ్డ పొద్దున నేనే పెట్టాను, అదీ ఇంత చల్లగా ఉండదు. వేలితో నొక్కి చూశాను. మెత్తగా లోపలికి పోయి, మళ్ళీ పైకి వచ్చింది.

ఇది తూకం రోజు. పోయిన నెల ఇదే కుర్చీల వరుసలోంచి ఇద్దరం లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏడు కిలోల నూరు గ్రాములు అంది, పది నెలల పిల్లవాడికి ఇది చాలదమ్మా అంది, నెల టైము ఇస్తున్నాను, మూడు వందల గ్రాములైనా పెరగకపోతే చేర్చుకుని ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పట్టాల్సి వస్తుంది అంది. గొట్టం అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఏదీ, నా ఎదురుగా ఒక చెంచా పెట్టండి, అంటే పెట్టాను. వాడు నోరు బిగించి మెడ అటు తిప్పాడు. ఇటు నుంచి పెడితే ఇటు తిప్పాడు. డాక్టరమ్మ ఏదో రాసుకుని, వచ్చేసారి నాన్నను లోపలికి పంపండి, మీరు బయట కూర్చోండి, అంది. మెల్లగానే అంది. మెల్లగా అంటే మాత్రం తగలదా? పుట్టినప్పుడు నాలుగు కిలోలకు కాస్త తక్కువ, ఆసుపత్రిలో అందరూ ఎత్తుకుని అబ్బో అన్నవాళ్ళే. అందుకే బండోడు అని ముద్దుపేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ పేరుతో పిలుస్తుంటే నన్ను నేనే వెక్కిరించుకున్నట్టుంది.

పక్క కుర్చీలో పెద్దావిడ మనవడి నోట్లో బిస్కెట్టు ముక్క కుక్కుతూ నా వైపు వంగింది. "ఏం పెడుతున్నావమ్మా పిల్లాడికి?" అంది. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి నన్ను ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు, ఏం పెడుతున్నావని అడగనివాళ్ళూ లేరు. "ఇంట్లో చేసిందేనండీ" అన్నాను. అంటున్నప్పుడు సంచీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియలేదు. ఆవిడ తల ఊపి, "అదే మంచిది తల్లీ" అని ఇంకో బిస్కెట్టు ప్యాకెట్టు చింపింది.

ప్యాకెట్లంటే నాకు పడదు. ఊరికే కాదు, అవి నా చేతి మీదుగా పోతాయి. మా ప్రెస్సులో తిండి ప్యాకెట్ల లేబుళ్ళు అచ్చవుతాయి, వాటి ప్రూఫులు దిద్దడం నా పని. తొమ్మిదేళ్ళుగా ఎర్రకలం పట్టుకుని ఎదుటివాళ్ళ తప్పులు వెతికి జీతం తింటున్నాను. పండ్లతోట మొత్తం బొమ్మ వేసి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పండ్ల గుజ్జు పన్నెండు శాతం అని వేస్తారు. చక్కెర కలపలేదు అని వేలెడు అక్షరాలు, ఆ కిందే చక్కెరకే మారుపేరుగా ఓ పెద్దమనిషి పేరు. అందుకే లేబుల్‌ను నేను కింది నుంచి పైకి చదువుతాను, చివరి మాట నుంచి మొదటి మాటకి. పై నుంచి చదివితే కన్ను తనకు తెలిసిందే చూస్తుంది, లేని అక్షరం కూడా ఉన్నట్టు చూస్తుంది. వెనక నుంచి వస్తే మాయ ఉండదు. మొదట్లో ఈ పద్ధతి నేర్పిన పెద్దాయన, ఇది కాగితాల వరకే అమ్మా, మనుషుల మీద వాడకు, అన్నాడు. ఆయన మాట వినుంటే బాగుండేది. ఇప్పుడు మా ఆయన ఇంటికి రాగానే ముందు చెప్పుల మీది మట్టి చూసి, తర్వాత చేతులు చూసి, చివరికి ముఖం చూస్తాను.

అతను ఫ్రిజ్ మెకానిక్కు. ఉదయం ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకుంటాడు, నేను మూడింటికి వచ్చాక పనికి వెళతాడు. లేబుల్ సంగతి నాకు తెలిసినట్టే, జనం ఫ్రిజ్‌ల సంగతి అతనికి తెలుసు. "నువ్వు ప్యాకెట్టు మీద అక్షరాలు చూస్తావు, నేను ఇంటి ఫ్రిజ్ లోపల చూస్తాను. ఎవరి భయం వాళ్ళది ప్రూఫులమ్మా" అంటాడు. తలుపు రబ్బరు వదులైపోయి లోపల గోరువెచ్చగా ఉన్న ఫ్రిజ్‌లో ఆదివారం ఉడికించిన గుజ్జు బుధవారం దాకా పెట్టి, ఇంటి తిండి ఇంటి తిండి అని పిల్లల నోట్లో పెట్టే తల్లుల్ని రోజూ చూస్తాడట. దానికన్నా కాచి, సీలు వేసి, తేదీ కొట్టిన ప్యాకెట్టు నయం కదా అంటాడు. తేదీ కొట్టేది ఎవరనుకున్నావు, మా ప్రెస్సు పక్క షెడ్డులో ఒక మిషను, ఒకరోజు అది వచ్చే ఏడాది బదులు పోయిన ఏడాది కొట్టింది, అంటాను. ఇలా ఇద్దరం మా మా ఉద్యోగాలను ఇంటికి తెచ్చి పిల్లవాడి గిన్నె చుట్టూ కూర్చోబెట్టాం. వాడు మాత్రం ఇద్దరి మాటా వినకుండా నోరు మూసుకు కూర్చున్నాడు. మధ్యలో మా అమ్మ ఫోనులో, "నిన్ను డబ్బా పాలతోనే పెంచానే, ఏమైందిప్పుడు, నోరు బాగానే లేచింది కదా" అని పెట్టేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక స్టవ్ దగ్గరికి వెళితే గిన్నె అడుగంటింది.

అది మాత్రం ఒప్పుకోవాలి, నా వంట ఎప్పుడూ కాస్త అడుగంటుతుంది. బియ్యం, క్యారెట్టు, గుమ్మడి ముక్క మెత్తగా ఉడకాలని సన్నటి సెగ మీద పెట్టి, పక్కన నిలబడి ప్రూఫు చూసుకుంటాను. వాసన వచ్చాకే తల ఎత్తుతాను. పైపైది తీసి మెత్తగా చేసినా ఆ మాడు వాసన సన్నగా ఉండిపోతుంది. "ఇవాళ ఏ పేజీ మాడింది?" అని అడుగుతాడు అతను.

ఇంకా రాలేదు. గోడ మీద గడియారం పదీ ఇరవై. గోడకు వేసిన బొమ్మలో ఒక తల్లి చెంచా ఎత్తి నవ్వుతోంది, పిల్లవాడు చేపలా నోరు తెరిచాడు. ఎవరండీ ఈ పిల్లవాడు, ఎక్కడ దొరుకుతాడు? బొమ్మ కింద అక్షరాలు నా కళ్ళు వాటంతట అవే వెనక నుంచి చదివేశాయి. తప్పులేమీ లేవు. తప్పులు మా ఇంట్లో ఉన్నాయి. పదకొండు రోజుల కిందట సోఫా కింద ఊడుస్తుంటే చీపురుకు తగిలి బయటికి దొర్లింది ఒక పసుపు మూత. పిల్లలు మింగకుండా పెద్ద పువ్వులా చేస్తారే, పిండుకుని తాగే పండ్ల గుజ్జు ప్యాకెట్టు మూత. పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాను. అతనితో ఏమీ అనలేదు. గుడ్డతో తుడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇప్పుడూ పర్సులోనే ఉంది. ఒక్క తప్పు దొరికితే వెంటనే దిద్దకూడదు, పేజీ మొత్తం చూడాలి, ఇంకా ఉంటాయి. ఉన్నాయి కూడా. జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా మందు పట్టే పెద్ద సిరంజి రోజూ కడిగి, తడితడిగా గిన్నెల బుట్టలో ఉంటోంది. నేను ఉడికించి పెట్టి వెళ్ళిన గిన్నె మధ్యాహ్నానికి సగం ఖాళీ అవుతోంది. నా చేత్తో నాలుగు చెంచాలు తినని వాడు అతని చేత సగం గిన్నె తింటాడా? ఎలా పెట్టావు అంటే, "తిన్నాడులే, నీకెందుకు" అంటాడు. సాయంత్రం వాడి నోరు వాసన చూస్తాను. అవును, చూస్తాను, పది నెలల బిడ్డ నోరు వాసన చూసే తల్లిని నేను. ఒకరోజు తియ్యటి పియర్ పండు వాసన వచ్చింది. మా ఇంట్లో పియర్ పండ్లు లేవు.

మరి అడగొచ్చు కదా. పర్సులోంచి మూత తీసి బల్ల మీద పెట్టి ఇదేమిటి అని అడగొచ్చు కదా. పదకొండు రోజులు ఎందుకు నోరు మెదపలేదు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యే ఆగిపోతోంది. ఎందుకంటే ఆ పని మా ఇంట్లో మొదట చేసింది నేను.

పంతొమ్మిది రోజులైంది. నాకు సెలవు, అతను పొద్దున్నే ఎవరిదో ఫ్రిజ్ ఆగిపోయిందని వెళ్ళాడు. వాడు ఉదయం నుంచి ఏమీ తినలేదు. పెట్టిందల్లా ఉమ్మేశాడు, నా మెడ మీద, జుట్టులో, గోడకు క్యారెట్టు. వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, ఎవరి ఏడుపు ఎవరిదో తెలియనంతగా. అప్పుడు ఆఫీసు సంచీ గుర్తొచ్చింది. రంగు సరిపోల్చడానికి ప్రెస్సుకు వచ్చిన నమూనా ప్యాకెట్టు ఒకటి అందులో ఉండిపోయింది. లేబుల్ నేను దిద్దిందే. మూత తిప్పి, ప్యాకెట్టు గొట్టం వాడి పెదాలకు ఆనించాను. రెండు నిమిషాలు, రెండే రెండు నిమిషాలు. రెండు చేతులతో నొక్కుకుంటూ, కాళ్ళు ఆడిస్తూ, చివరి చుక్క దాకా పీల్చేసి, నా ముఖంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వుకు సంతోషం వేసింది, సంతోషం కన్నా ఎక్కువగా అవమానం వేసింది. నేను వారాల తరబడి ఉడికించింది ఉమ్మేసి, మిషను పిండింది తాగి నవ్వుతాడా? ఖాళీ ప్యాకెట్టు కడిగి, కాగితంలో చుట్టి, పక్క వీధి దాకా నడిచి అక్కడి చెత్తడబ్బాలో వేసి వచ్చాను. మా ఇంటి ముందరి డబ్బాలో వేస్తే అతను చూస్తాడని భయం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనుకున్నాను. మర్నాడు ప్యాకెట్ల మీద వాదన వస్తే రెండింతలు గట్టిగా అరిచింది నేనే.

అయినా నాది ఒక్కసారి. అతనిది రోజూ. ఒక్కసారికీ రోజూకీ తేడా లేదా? పైగా నేను ఆనవాలు లేకుండా చేశాను, అతను మూత వదిలేశాడు. చేసిన పనైనా శుభ్రంగా చెయ్యడం రాదు. నేనైతే కాగితంలో చుట్టాను, మూత బిగించి మరీ, బిగించానా? బిగించే ఉంటాను. కనిపిస్తోంది కళ్ళ ముందు, పసుపు మూత బిగించిన ఖాళీ ప్యాకెట్టు. పసుపు మూత. ఆగు. పై నుంచి చదివితే కన్ను తనకు తెలిసిందే చూస్తుంది. వెనక నుంచి రా. చెత్తడబ్బా మూత ఎత్తాను, పొట్లం జారవిడిచాను, ఉత్త కాగితం బరువు. అంతకుముందు వీధి, ఎండ, చంకలో వాడు. అంతకుముందు చుట్టిన కాగితం, ఏదో పాత ప్రూఫు ముందు పేజీ. అంతకుముందు కొళాయి కింద కడిగాను, గొట్టంలోకి నీళ్ళు పోసి, ఆడించి, నీళ్ళు ఆ గొట్టంలోంచే కక్కింది, మూత లేదు. మూత లేదు. అంతకుముందు వాడి నవ్వు. నవ్వుతూ చెయ్యి ఊపాడు, పిడికిట్లో పసుపు పచ్చగా. ఆ చెయ్యి విదిలిస్తే ఏదో నేల మీద టకటకమంది, అప్పుడు నేను వాడి ముఖమే చూస్తున్నాను, నేల చూడలేదు.

నాదే. పదకొండు రోజులుగా నేరస్తుడి వస్తువని పర్సులో దాచుకుని, రోజుకు పదిసార్లు తడిమి చూసుకుంటున్నది నా మూతే. తొమ్మిదేళ్ళలో ఒక్క కామా వదలని దాన్ని, నా చేతి తప్పు నేనే పట్టుకోలేకపోయాను. ఒళ్ళంతా వేడెక్కింది, సిగ్గుతో. మరుక్షణమే తొడ మీద మళ్ళీ చల్లగా తగిలింది. మూత నాదైతే మరి ఇదేమిటి? సాక్ష్యం తప్పయినంత మాత్రాన నేరం అబద్ధం కాదుగా. ఏ ముఖం పెట్టుకుని వెతుకుతున్నావే అని లోపల ఒకరు అంటున్నారు, వెతకనిదే తెలియదుగా అని ఇంకొకరు. పెద్దావిడ టోకెన్ పిలిస్తే మనవణ్ణి ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్ళింది. వరుసలో నేనూ సంచీ మిగిలాం. జిప్పు తీశాను. ఏమీ కింద పడలేదు.

పైన డైపర్లు, పొద్దున నేను పెట్టినట్టే. వాటి కింద నేను పెట్టనిది, అతని పనిసంచీలో ఉండే, జెల్ నింపిన మంచు పట్టీ, దాని మధ్యన చిన్న థర్మామీటరు, నాలుగు డిగ్రీలు. మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది? పట్టీ విప్పితే ప్యాకెట్టు. ఆకుపచ్చ మూత. లేబుల్ గోరుతో గీకేశాడు, అంచున మాత్రం ఒక ముక్క మిగిలింది, ఆ అక్షరాల వాటం చూస్తే చాలు, మా ప్రెస్సుదే. దొరికావు అనుకున్నాను. గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించలేదు. మూత తిప్పాను, సీలు ముందే విప్పి ఉంది. చిటికెన వేలి మీద కొంచెం పిండుకుని నాకాను. పియర్ పండు తియ్యదనం. నేననుకున్నదే. మింగబోతుంటే నాలుక చివర ఇంకోటి తగిలింది. మాడు వాసన. మళ్ళీ ఒక చుక్క పిండాను. క్యారెట్టు, గుమ్మడి, అడుగంటిన బియ్యం. నాది. నిన్న ప్రూఫు చూస్తూ మాడ్చింది. ప్యాకెట్టులోది సగం తీసి, ఆ సగం చోటులోకి నా గుజ్జును సిరంజితో ఎక్కించాడు. రోజూ, పొద్దున్నే, నేను బస్సెక్కాక, గిన్నె ముందు కూర్చుని, ఆ లావు వేళ్ళతో, ఒక్కొక్క సిరంజీ. నాది పారెయ్యలేదు. అతనిదీ మానలేదు.

తలుపు తెరుచుకుంది. సంచీ మూసే లోపలే వచ్చేశాడు, భుజాన బండోడు, చేతిలో కార్డు. ముఖమంతా నవ్వు. "నాలుగు వందల ఇరవై పెరిగాడే! ఏడున్నర దాటాడు. గొట్టం లేదు, గిట్టం లేదు" అన్నాడు. గొట్టం లేదు. గొట్టం లేదు. "ఏం పెడుతున్నారని డాక్టరమ్మ అడిగింది. వాళ్ళమ్మ చేసిందేనండీ అన్నాను. నువ్వే గెలిచావు ప్రూఫులమ్మా" అంటూ కూర్చోబోయి, నా ఒళ్ళో తెరిచిన జిప్పు చూశాడు. నా చేతిలో ఆకుపచ్చ మూత చూశాడు. నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం వాలిపోయాయి.

ఎర్రకలం ఎత్తే అలవాటు గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పర్సు తెరిచి పసుపు మూత తీసి అతని అరచేతిలో పెట్టాను. "ఇది నాది" అన్నాను. "ఆ సెలవు రోజున నేనే పట్టాను. నీకు చెప్పలేదు."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ సాయంత్రమే. సోఫా కింద కనబడింది. నువ్వే తీసుకుంటావులే అని అక్కడే ఉంచేశా. నువ్వూ దిగొచ్చావనుకున్నా, పైకి ఒప్పుకోవడం కష్టంగా ఉందేమో అనుకున్నా. అందుకే మర్నాటి నుంచి మొదలెట్టా." పిల్లవాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని, "వొట్టి ప్యాకెట్టు పట్టడానికి మనసొప్పలేదు. నువ్వు అంత సేపు నిలబడి ఉడికిస్తావ్" అన్నాడు.

ఇతను నన్ను మోసం చేశాడు. నేను మాడ్చింది ఒక్క చెంచా కూడా పారెయ్యలేదు. రెండూ నిజమే, ఏది ముందు చదవాలో తెలియడం లేదు. పెరిగిన నాలుగు వందల ఇరవైలో నాది ఎంత, ప్యాకెట్టుది ఎంత? ఏ శాతమూ ఏ లేబుల్ మీదా రాసి ఉండదు. బండోడు ఆకుపచ్చ మూత చూడగానే అతని భుజం మీంచి ముందుకు దూకి, నా వైపు రెండు చేతులూ చాచాడు. నా వైపా, ప్యాకెట్టు వైపా? అనుమానం చూడండి, అప్పుడు కూడా పోలేదు. ఒళ్ళోకి తీసుకుని ప్యాకెట్టు వాడి చేతికిచ్చాను.

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పొచ్చావు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాలి, సగం సగం అని" అన్నాను.

"ఇప్పుడా? మళ్ళీ టోకెనా?"

"మళ్ళీ టోకెనే. ఈసారి నేను కూడా లోపలికి వస్తాను." సంచీ భుజానికి తగిలించుకున్నాను. "నా చేత ఎందుకు తినడో నీకు తెలుసా? తెలిస్తే చెప్పు. కోపం తెచ్చుకోను."

అతను పసుపు మూతను వేళ్ళ మధ్య తిప్పుతూ, నన్ను నొప్పించకుండా ఎలా అనాలా అని వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాట అతని నుదుటి మీద కనిపిస్తోంది. పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి నేను ముఖం నుంచి మొదలుపెట్టి చూశాను. కళ్ళ కింద నల్లగా ఉంది. గడ్డం మీద క్యారెట్టు మరక ఎండిపోయింది. "నువ్వు పెట్టేటప్పుడు వాడి నోట్లోకే చూస్తావు. లేబుల్ చూసినట్టు చూస్తావే. వాడికి భయమేస్తుందేమో" అన్నాడు చివరికి.

ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అతని ముఖమే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు ఒళ్ళోంచి గుర్రుమని చప్పుడైంది, ఖాళీ అయిపోయిన ప్యాకెట్టులోంచి గాలి పీలుస్తున్న చప్పుడు. ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎప్పుడు అయిపోయిందో నేను చూడనే లేదు.